అభ్యర్థన హెడర్ కారణంగా మీ సర్వర్ ఇస్తున్న 417 జవాబు గురించి ఫిర్యాదు

హన్మకొండ

సాంకేతిక సేవా విభాగం అధిపతి గారికి,

అయ్యా,

హన్మకొండలో మాది చిన్న సాఫ్ట్‌వేర్ దుకాణం. ఎనుమాముల మార్కెట్‌లోని అడ్తి వ్యాపారులకు లెక్కల ప్రోగ్రాం రాసి ఇస్తాము. కాంటా పూర్తయి తక్‌పట్టీ (అమ్మకం లెక్కల చీటీ) తయారు కాగానే బస్తాలు, తూకం, ధర, కోతలు పోగా చేతికి వచ్చే మొత్తం రైతు ఫోన్‌కు చేరేందుకు మీ ఎస్సెమ్మెస్ సేవను డబ్బు కట్టి వాడుకుంటున్నాము.

ఈ సీజన్‌లో, నాలుగు బస్తాల రైతుకు సందేశం వెంటనే వెళ్తున్నది కానీ, మిర్చిని తేజ, చపాటా, తాలు అంటూ మూడు కుప్పలు పోసిన రైతు విషయంలో మీ సర్వర్ 417 అనే తిరస్కరణ అంకెతో మా అభ్యర్థనను తిప్పి పంపుతున్నది. రైతు ఫోన్ పట్టుకొని గల్లా దగ్గరే నిలబడితే, గుమాస్తా చివరకు కాగితం మీద రాసి ఇస్తున్నాడు.

మీ సిబ్బంది మూడుసార్లు "మీ నెట్ చూసుకోండి" అని ఫిర్యాదును మూసివేశారు. నెట్ లేకపోతే 417 అనే అంకె మాకు ఎక్కడి నుంచి వస్తుంది? నాలుగోసారి పెద్ద ప్లాను తీసుకొమ్మన్నారు. తీసుకున్నాము, ఏమీ మారలేదు.

చివరకు మేమే ఒక రాత్రి కూర్చొని ఒక్కొక్క అక్షరం పెంచుతూ పంపి చూశాము. సందేశం 1024 బైట్లున్నంత వరకు పోయింది, 1025 కాగానే ఆగింది. మా ప్రోగ్రాం నుంచి సర్వర్‌కు సమాచారం పంపేందుకు మేము వాడే పాత కర్ల్ లైబ్రరీ అంతకు మించిన పోస్ట్ (సమాచారం పంపే) అభ్యర్థనకు 'ఎక్స్‌పెక్ట్: 100-కంటిన్యూ' అనే హెడర్‌ను, అంటే అభ్యర్థన ముందు ఉండే సూచన వరుసను, తనంతట తానే తగిలిస్తుంది. లారీవాడు సరుకు దించేముందు గేటు దగ్గర "దించమంటారా" అని అడగడం వంటిదే అది. ఆ ప్రశ్ననే మీ సర్వర్ తప్పుగా పట్టుకుంటున్నది. ఆ హెడర్‌ను ఖాళీగా పెట్టి పంపితే అదే సందేశానికి 200, అంటే అంతా సరే అన్న జవాబు, వచ్చింది. ఇన్నాళ్లూ ఇది బయటపడకపోవడానికి కారణం, ఈ సీజన్‌కే మేము ఇంగ్లిష్ అక్షరాల నుంచి తెలుగులోకి మారడం. యూటీఎఫ్-8లో ఇంగ్లిష్ అక్షరానికి ఒక బైటు చాలితే, తెలుగులో గుణింతపు గుర్తుకు కూడా 3 బైట్లు పడతాయి.

417 వస్తే ఆ హెడర్ తీసివేసి మళ్లీ పంపాలని 2022 నాటి ఆర్‌ఎఫ్‌సీ 9110 అనే వెబ్ ప్రమాణ పత్రం క్లయింటుకే, అంటే అభ్యర్థన పంపేవారికే, చెబుతున్నది కనుక, మా ప్రోగ్రాం లోపం కొంత ఉన్నదని ఒప్పుకుంటున్నాము, దాన్ని సరిచేశాము కూడా. అయితే మీ సర్వర్ ఈ హెడర్‌ను ఒప్పుకోదన్న ఒక్క వాక్యం మీ వాడుక పత్రంలో ఎక్కడా లేదు. పైగా మేము పంపిన లాగ్‌లో ఆ హెడర్ రెండో వరుసలోనే కనిపిస్తున్నా ఎవరూ చదవలేదు.

కావున సర్వర్‌లో ఆ తిరస్కరణను తొలగించాలని, అంతవరకు ఆ సంగతిని వాడుక పత్రంలో రాయాలని, అవసరం లేకుండా మాచేత కొనిపించిన పెద్ద ప్లాను అదనపు సొమ్మును మా ఖాతాకు తిరిగి జమ చేయాలని కోరుతున్నాము. రెండు పరీక్షల లాగ్‌లను జతచేస్తున్నాము. పదిహేను రోజుల్లోగా రాతపూర్వకంగా జవాబు ఇవ్వగలరు.

ఇట్లు,
మీ సేవల వినియోగదారుడు