మా అమ్మను కాపాడిన వాళ్లందరికీ కృతజ్ఞతలు

మొన్న చేయించిన టెస్టుల్లో మా అమ్మ లివర్ నార్మల్‌కు వచ్చింది. ఫోన్లో థాంక్స్ చెప్పాను గానీ తృప్తి కలగలేదు, అందుకే అందరి ముందు రాస్తున్నాను.

అమ్మకు మోకాళ్ల నొప్పులు. మిర్చి ఏరే రోజుల్లో పొద్దంతా వంగి ఉండాలి కాబట్టి ఇంకా ఎక్కువవుతాయి. ఊర్లో ఇచ్చిన నొప్పుల గోలీ పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, అన్నం తిన్నాకే వేసుకునేది. చెప్పినదానికంటే ఒక్కటి కూడా ఎక్కువ వేసుకోలేదు. కొన్ని నెలలకు ఆకలి పోయింది, మూత్రం ముదురు రంగులోకి మారింది, తర్వాత కళ్లు పచ్చబడ్డాయి. చుట్టాలు పసరు మందు పోయిద్దామన్నారు. మా ఆశా అక్క మాత్రం గట్టిగా అడ్డుపడింది. "పసరు వద్దు చెల్లె, ముందు రక్త పరీక్ష చేయించు" అని ఆటో అన్నను పిలిచి, తనూ మాతో పాటు వరంగల్ ఎంజీఎంకు వచ్చింది. ఆటో అన్న పైసా తీసుకోలేదు.

రక్తంలో కామెర్లు ఎంతున్నాయో చెప్పే బిలిరుబిన్ 1 దగ్గర ఉండాల్సింది 11 ఉంది. లివర్ దెబ్బతింటే పెరిగే ఎస్‌జీపీటీ 40 లోపు ఉండాల్సింది వెయ్యి దాటింది. హెపటైటిస్ టెస్టులన్నీ నెగెటివ్, స్కానింగ్‌లో రాళ్లు లేవు. అప్పుడు పీజీ డాక్టరమ్మ అమ్మ వాడే గోలీలన్నీ తెమ్మన్నారు. మా దగ్గర ఉన్నవి నాలుగేసి చొప్పున కత్తిరించి ఇచ్చిన ముక్కలు. రేకు వెనక సగం తెగిన అక్షరాలే తప్ప పేరు లేదు. డాక్టరమ్మ వాటిని మంచం మీద పక్కపక్కన పేర్చి, లైటు కింద పట్టి చూశారు, అయినా తెలియలేదు. ఆశా అక్క ఊరికి తిరిగిపోయి, మెడికల్ షాపులో నిండు పట్టీ అడిగి ఫోటో పంపింది. డైక్లోఫెనాక్. వెంటనే ఆపించారు.

పారాసెటమాల్ మామూలుగా డోసు మించితేనే లివర్‌ను దెబ్బతీస్తుందట. డైక్లోఫెనాక్ అలా కాదు. చాలా మందికి లివర్ విషయంలో ఏమీ కాదు, ఎక్కడో ఒకరికి సరైన డోసులోనే పడదు. అది ఎవరికన్నది ముందే తెలియదు. ఎక్కువగా మొదటి ఆరు నెలల్లోనే బయటపడుతుందని డాక్టరమ్మ చెప్పారు. ఎసిక్లోఫెనాక్ అనే ఇంకో నొప్పుల గోలీ కూడా ఒంట్లోకి పోయాక కొంత డైక్లోఫెనాక్‌గా మారుతుంది కాబట్టి అదీ వద్దని చీటీ మీద తెలుగులో రాసిచ్చారు. మందు పడలేదని ప్రభుత్వానికి పంపే ఫారం కూడా ఆమే నింపారు. మనమే చెప్పాలంటే 1800-180-3024కు ఉచితంగా ఫోన్ చేయొచ్చు.

దీనికి ప్రత్యేకంగా విరుగుడు లేదు, గోలీ ఆపి కనిపెట్టుకొని ఉండాలి. ఆ పని చేసింది వార్డు సిస్టర్లు. అర్ధరాత్రి లేపి "మీ బిడ్డ పేరేంది? ఇయ్యాల ఏం వారం?" అని అడిగేవాళ్లు. లివర్ మరీ దెబ్బతింటే మనిషి తికమకపడి, తెలివి తప్పుతుందట. అమ్మ జవాబు చెప్పిన ప్రతిసారీ నాకు ప్రాణం లేచొచ్చేది. సిస్టర్లూ, మీకు నేనెంత రుణపడ్డానో చెప్పలేను.

మేం ఆస్పత్రిలో ఉండగా మా మిర్చి ఏరి, ఎండబెట్టి, ఎనుమాముల మార్కెట్‌కు చేర్చిన వాడకట్టు అక్కలకు, వదినలకు దండాలు. షాపు అన్నకు కూడా థాంక్స్, అడగగానే కోపం తెచ్చుకోకుండా పట్టీ తీసి చూపించాడు. ఒక్క మనవి అన్నా, కత్తిరించేటప్పుడు పేరున్న ముక్క మాకివ్వు.