కారుతో తీసిన నిప్పు

ఒరేయ్, వందనాలు రా!

రెండుసార్లు ఫోన్ ఎత్తలేదని అలిగావట. ఎత్తితే ఏడ్చేస్తానేమోనని ఎత్తలేదు, అందుకే ఈ ఉత్తరం.

పోయిన నెల మొదటి ఆదివారం ప్రభు బల్ల, అదే యేసు చివరి విందును తలుచుకుని రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆరాధన. రొట్టె విరుస్తున్నప్పుడు నా కళ్లు ఎక్కడున్నాయో తెలుసా? స్టాండుకు పెట్టిన ఫోన్ మీద. లైవ్‌లో 41 మంది. ప్రార్థన ముగిసేసరికి 36. ఆ ఐదుగురూ ఎందుకు వెళ్లిపోయారా అని ఒకటే టెన్షన్. బల్ల దగ్గర చెప్పాల్సిన మాటలన్నీ నోరు చెప్పేసింది, నేను మాత్రం అక్కడ లేను.

మా సంఘంలో ఒక మామ్మ ఉంది, ఫిషింగ్ హార్బర్ దగ్గర చేపలమ్ముతుంది. బల్ల దగ్గర ద్రాక్షారసం ఇచ్చే సంస్కారం గ్లాసులు కడిగే పని ఎవరికీ ఇవ్వదు. నీచు వాసన పోవాలని ముందు చేతులు మూడుసార్లు సబ్బుతో రుద్దుకుంటుంది. తర్వాత తలమీద చెంగు కప్పుకుని, ఒక్కో గ్లాసూ కడిగి తెల్లబట్ట మీద బోర్లిస్తుంది. ఆ రోజు ఆకలి మీదున్నానేమో, "గబగబా కానిచ్చెయ్ మామ్మా" అన్నాను. తలెత్తకుండానే, "బల్ల ఎవుల్ది అయ్యగారూ?" అంది. అంతే. అన్నం సయించలేదు.

ఆ రాత్రి యెషయా ఆరో అధ్యాయం తీశాను. యూదా రాజు ఉజ్జియా చచ్చిపోయిన ఏడాది కదా, యెషయా ప్రవక్త సింహాసనం మీద దేవుణ్ని చూసిన ఆ దర్శనం. 52 ఏళ్లు ఏలిన రాజు, బలం పెరిగాక గర్వం తలకెక్కి, యాజకులే వేయాల్సిన ధూపం తానే వేస్తానని మందిరంలోకి దూరాడు. నుదుటి మీద కుష్ఠుతో బయటికొచ్చాడు. బల్ల దగ్గర లెక్కలు చూసుకున్న నాకూ ఆయనకూ పెద్ద తేడా కనిపించలేదురా.

ఆ సింహాసనం దగ్గరున్న సెరాపుల్ని, అదే ఆ దేవదూతల్ని చూడు. ఆరు రెక్కల్లో నాలుగు ముఖమూ కాళ్లూ కప్పుకోడానికే, ఎగరడానికి రెండే! మనం ఆరూ ఎగరడానికే వాడేస్తున్నాం. తర్వాత ఆ నిప్పు, ఒక సెరాపు బలిపీఠం మీంచి తీసి ప్రవక్త నోటికి తాకించినది. అన్నట్టు, సండేస్కూల్లో "కారుతో తీసిన నిప్పు" అని చదివితే ఒక బుడ్డోడు "అప్పుడే కార్లుండేవా అయ్యగారూ?" అన్నాడు. ఇంట్లోంచి పట్టకారు తెచ్చి చూపించాల్సొచ్చింది. నవ్వు సరే గానీ, ప్రవక్తకు ఉన్న పెట్టుబడల్లా నోరే కదా, ముందు కాలింది అదే. "నన్ను పంపుము" అన్నది ఆ తర్వాత. పంపిన పని ఏమిటంటే, జనం వినరు, ఊళ్లు పాడయ్యేదాకా చెబుతూనే ఉండు అని! లెక్కలు చూసుకునేవాడైతే వారానికే ఇంటికొచ్చేసేవాడు. ఆ సింహాసనాన్ని చూసినవాడు గనకే నిలబడ్డాడు. మనవాళ్లు భయాన్నీ భక్తినీ విడదీయకుండా భయభక్తులు అనడం ఎంత బాగుందో ఇప్పుడు తెలిసొచ్చింది.

మా ఊరి సంగతే చూడు. 1805లో లండన్ మిషనరీ సొసైటీ నుంచి క్రాన్, డెగ్రాంజ్ విశాఖ వచ్చారు. క్రైస్తవుడిగా మారిన ఆనందరాయర్ సాయంతో సువార్తల్ని తెలుగు చేయడానికి కూర్చున్నారు. క్రాన్ 1809లో, డెగ్రాంజ్ 1810లో పోయారు. ఆ సువార్తలు బెంగాల్లోని శ్రీరాంపూర్‌లో అచ్చయింది 1812లో. ఆ పుస్తకాన్ని ఇద్దరిలో ఒక్కరైనా చేత్తో పట్టుకోలేదు. ఇక్కడి పాత పేట వన్‌టౌన్ వైపు వెళ్లినప్పుడల్లా ఈమధ్య వాళ్లే గుర్తొస్తున్నారు.

ఫోన్ స్టాండు బీరువాలో పడేశాను. కుర్రాళ్లు గుర్రుగా ఉన్నారు, చూద్దాం. మామ్మ ఇంకా నా చేతికి గ్లాసులు కడగనివ్వడం లేదు, తుడవడం వరకే పర్మిషన్.

వచ్చేటప్పుడు మీ కాకినాడ కాజా మర్చిపోకు.

నీ
వైజాగ్ పాస్టరు