ఆనకట్టల ఆరోగ్యం జనానికి చెప్పండి

సంపాదకులకు నమస్కారం.

2024 సెప్టెంబరు 1 రాత్రి కృష్ణలంకలో మా వీధిలో ఎవరికీ కునుకు లేదు. వరద రాకుండా కట్టిన రిటైనింగ్ వాల్ అవతలి నుంచి కృష్ణానది హోరు ఇళ్లలోకి వినిపిస్తూనే ఉంది. మర్నాటికి ప్రకాశం బ్యారేజీ దగ్గర వరద 11.43 లక్షల క్యూసెక్కులకు చేరింది. ఎగువ నుంచి కొట్టుకొచ్చిన పడవలు గేట్లకు తూకంగా ఉండే కౌంటర్‌వెయిట్ దిమ్మెలను గుద్దాయని తెలిశాక ఆడవాళ్లం పసుపు కుంకుమలు పట్టుకుని గట్టు ఎక్కాం. మమ్మల్ని ఆ గోడ కాపాడింది. బుడమేరు వాగు ముంచెత్తిన సింగ్‌నగర్ వాళ్లకు ఆ పాటి అదృష్టం కూడా లేకపోయింది. 1957లో పూర్తయిన బ్యారేజీ ఆ పోటును తట్టుకుని నిలబడినందుకు చేతులెత్తి మొక్కాను. నిలబడింది కదా అని అందరూ మర్చిపోతుంటే మాత్రం భయం వేస్తోంది.

మా నాన్నగారు డెల్టా కాలువ మీద లస్కరుగా పనిచేశారు. షట్టర్ల మరలకు గ్రీజు పెట్టడం, లాకుల దగ్గర చేరిన గుర్రపుడెక్క లాగేయడం, గట్టు మీద ఎలుక బొరియ కనిపిస్తే ఆ పొద్దు గూకేలోపే మట్టి కొట్టి పూడ్చడం ఆయన పని. ఎండాకాలంలో ఎత్తి దించని షట్టరు వరదొచ్చాక మాట వినదనేవారు. ఆయన రిటైరైన లాకు దగ్గర ఆ పోస్టులో మళ్లీ ఎవరినీ వేయలేదు.

2021 నవంబరు 19 తెల్లవారుజామున అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగి చెయ్యేరు నది ఊళ్ల మీద పడ్డప్పుడు ఆయన మాటే చెవిలో మోగింది. అక్కడున్న ఐదు గేట్లలో ఒకటి లేవలేదు. పులపత్తూరులో, మందపల్లిలో ఇళ్లకు ఇళ్లే ఊడ్చుకుపోయాయి. అదే ఏడాది ఆగస్టు 5న మనకు 85 కిలోమీటర్ల ఎగువన పులిచింతలలో 16వ నంబరు గేటు కొట్టుకుపోయింది. ఆ ప్రాజెక్టును జాతికి అంకితం చేసి అప్పటికి ఎనిమిదేళ్లు కూడా నిండలేదు. పోయిన గేటు చోట అడ్డుగా స్టాప్‌లాగ్ పలకలు దించడం కోసం అంత జలాశయాన్నీ ఖాళీ చేసి నీళ్లను సముద్రానికి వదలాల్సి వచ్చింది. ఆ తర్వాత గుండ్లకమ్మలో 2022లో ఒక గేటు, 2023 డిసెంబరులో ఇంకొకటి పోయాయి. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్రలో 19వ గేటు గొలుసు తెగింది. వీటిలో డెబ్బయ్యేళ్లది ఉంది, పదేళ్లు నిండనిది కూడా ఉంది. వయసు ఒక్కటే చూసి లెక్క కడితే సరిపోదు.

వయసైపోయిన డ్యాములు తీసేయాలన్న మాట ఈమధ్య ఇంజినీరింగ్ చదివే మా మేనల్లుడి నోట విన్నాను. అమెరికాలో క్లామత్ నది మీద నాలుగు డ్యాములను 2024 నాటికి తొలగించారని, నెల తిరక్కుండానే సాల్మన్ చేపలు ఎగువకు ఈదుకెళ్లాయని చెప్పాడు. విని సంతోషించాను. అయితే ఆ నాలుగూ కరెంటు కోసం కట్టినవి. మన బ్యారేజీ కింద 13 లక్షల ఎకరాల ఆయకట్టు ఉంది. 1855 నాటి పాత ఆనకట్ట 1952లో తెగితే, రైతు బతకడానికే దాని స్థానంలో ఈ బ్యారేజీ కట్టుకున్నాం. దీన్ని తీసేయమనే ధైర్యం నాకు లేదు, తీసేయాలనీ అనుకోను.

అలాగని ఆ మాట ఎత్తడమే తప్పనను. శ్రీశైలంలో మొదట 308 టీఎంసీలు పట్టేది, ఇప్పుడు 215 అంటున్నారు. దివిసీమ దాకా రావలసిన ఒండ్రు అక్కడ పేరుకుపోతోంది. ఏ జలాశయానికైనా ఒక రోజు వస్తుంది, ఆ రోజుకు ఏం చేయాలో ఇప్పుడే రాసిపెట్టుకోవాలి. చిన్నవాటి సంగతైతే అంత దూరం కూడా ఆగక్కర్లేదు. ఆయకట్టంతా ప్లాట్లయిపోయి, తూము పూడిపోయి, ఎక్కువైన నీళ్లు పొర్లే కలుజు మీద ఇళ్లు లేచి, కట్ట మాత్రం మిగిలిన చెరువులు ఊళ్లకు పైన ఉంటే అవి ఎవరికి ఉపకారం? బాగుచేసి నీళ్లు పారిస్తారా, లేక ఎండాకాలంలో నీళ్లు దించి కట్టను పద్ధతిగా తొలగిస్తారా, ఏదో ఒకటి తేల్చాలి. వాన తేలిస్తే మనుషులు పోతారు.

డ్యాం భద్రతా చట్టం 2021 డిసెంబరు 30 నుంచి అమల్లో ఉంది. పెద్ద డ్యాములన్నిటికీ ఐదేళ్లలోగా సమగ్ర భద్రతా పరిశీలన జరగాలని, ప్రమాదం వస్తే ఏం చేయాలో ప్రణాళిక సిద్ధం చేయాలని చట్టం చెబుతోంది. 2026 డిసెంబరుతో ఆ గడువు తీరుతుంది. వానాకాలానికి ముందొకసారి, తర్వాతొకసారి తనిఖీ చేయాలని కూడా అందులో ఉంది. ఆ తనిఖీల్లో ఏం తేలిందో తెలుగులో, మాబోటివాళ్లకు అర్థమయ్యేలా బయటపెట్టాలని జలవనరుల శాఖ మంత్రిగారిని మీ పత్రిక ద్వారా వేడుకుంటున్నాను. ఏ గేటు చివరిసారి ఎప్పుడు ఎత్తి దించారు, గొలుసు ఎప్పుడు మార్చారు, అక్కడ లస్కరు ఉన్నాడా లేడా అన్నవి ప్రతి ప్రాజెక్టుకూ చెప్పాలి. పులిచింతలలో అర్ధరాత్రి మళ్లీ అలాంటిది జరిగితే మా పక్కనున్న రాణిగారితోటకు ఎన్ని గంటల్లో నీళ్లొస్తాయో, ఏ వీధి ముందు ఖాళీ చేయాలో, ముసలివాళ్లను ఏ బడికి చేర్చాలో మా వార్డు సచివాలయం గోడ మీద పెయింటుతో రాయించండి.

ఒక పాఠకురాలు,
కృష్ణలంక, విజయవాడ