ప్లటూన్లు దించేముందు

సంపాదకులు గారికి,

బెంగళూరులో ఏ మూల గొడవ జరిగినా సాయంత్రానికి ఒకటే ప్రకటన: 'అదనంగా కె.ఎస్.ఆర్.పి. ప్లటూన్లను దించాం.' అంటే కర్ణాటక రాష్ట్ర రిజర్వ్ పోలీసు దళాలను. ఇక మనం నిశ్చింతగా పడుకోవచ్చన్నమాట! నేను చాలా ఏళ్లుగా బొమ్మనహళ్లిలో ఉంటున్నాను. రిజర్వ్ పోలీసులే వద్దని అనను. 2016 సెప్టెంబరులో కావేరి గొడవలకు బస్సులు తగలబడి, 16 పోలీస్ స్టేషన్ల పరిధిలో కర్ఫ్యూ పెట్టినప్పుడు వాళ్లు లేకపోతే ఊరు ఏమైపోయేదో. చివర్లో రావాల్సినవాళ్లను మొదటే దించుతున్నారన్నదే నా బాధ.

అదే ఏడాది ఏప్రిల్‌లో గార్మెంట్స్ ఆడవాళ్లు వేలల్లో హోసూరు రోడ్డెక్కారు. మన రాయలసీమ నుంచి వచ్చి కుట్టుమిషన్ల ముందు కూర్చున్నవాళ్లూ వాళ్లలో ఉన్నారు. పీఎఫ్‌లో యజమాని కట్టిన వాటా 58 ఏళ్లు నిండేదాకా తీసుకోకూడదని కొత్త నిబంధన వచ్చింది. కూతురి పెళ్లికో, అప్పు తీర్చడానికో నమ్ముకున్న డబ్బది. లాఠీలు లేచాయి, రాళ్లు పడ్డాయి, టియర్ గ్యాస్ వదిలారు, బస్సులు కాలాయి. రెండో రోజు కేంద్రం ఆ నిబంధనను వెనక్కి తీసుకున్నాకే గొడవ సద్దుమణిగింది. 'మీ మాట ఢిల్లీకి చేరవేశాం, కాస్త ఓపిక పట్టండమ్మా' అని మొదటి రోజే ఒక పెద్ద అధికారి మైకు పట్టుకుని ఉంటే కొన్ని తలలైనా పగలకుండా ఉండేవేమో.

షీల్డు పట్టుకున్న కుర్రాళ్ల మీద నాకు కోపం లేదు. వినాయక నిమజ్జనాలప్పుడు మా సర్కిల్ దగ్గర వాళ్ల వ్యాను ఆగుతుంది. పొట్లంలో వచ్చిన చిత్రాన్నం ఒళ్లో పెట్టుకుని ఒకడు తింటుంటాడు, నిలబెట్టిన షీల్డుకి తల ఆనించి ఇంకొకడు కునుకు తీస్తుంటాడు. ఏ కలబురగి నుంచో, బెళగావి నుంచో వచ్చినవాళ్లు. ఇక్కడ ఏ సందు ఎటు పోతుందో, ఏ పెద్దమనిషి చెబితే జనం వింటారో వాళ్లకెలా తెలుస్తుంది? అవన్నీ తెలిసిన బీట్ కానిస్టేబులేమో వీఐపీ రూటులో ఎండకు నిలబడి ఉంటాడు. తెలంగాణలో 2024 అక్టోబరులో బెటాలియన్ కానిస్టేబుళ్ల భార్యలు 'ఏక్ పోలీస్' (సివిల్ పోలీసులకూ బెటాలియన్ వాళ్లకూ ఒకే విధానం) కావాలంటూ రోడ్డెక్కింది ఇలాంటి బతుకు భరించలేకే.

అసలు ఊరి మొహం ఎరగకపోవడమే ఈ బలగాలకు మొదట్నుంచీ అర్హత. అల్లూరి సీతారామరాజును పట్టుకోవడానికి తెల్లదొరలు మన్యంలోకి మలబారు స్పెషల్ పోలీసును, తర్వాత అస్సాం రైఫిల్స్‌ను దించారు. దొరలు పోయారు, పద్ధతి మాత్రం ఉండిపోయింది.

జనం గుమిగూడితే చాలు, అది అల్లరి మూకేనన్న చూపు కూడా అక్కణ్ణుంచి వచ్చిందే. 2025 జూన్ 4న చిన్నస్వామి స్టేడియం దగ్గర తొక్కిసలాటలో 11 మంది పోయారు. వాళ్లు ఆర్సీబీ ఐపీఎల్ కప్పు గెలిచిన సంబరంలో వచ్చినవాళ్లు. ఏ గేటు తెరుస్తారో, ఎంతమందిని పంపుతారో ముందే చెప్పే ఏర్పాటు ఉండాల్సిన చోట లాఠీ ఎందుకు పనికొస్తుంది?

గుంపును చెదిరిపొమ్మని ఆదేశించే అధికారం భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 148వ సెక్షన్ మేజిస్ట్రేటుతో పాటు స్టేషన్ ఆఫీసరుకీ ఇచ్చింది. ఆ ఆఫీసరు ముందుకొచ్చి జనానికి అర్థమయ్యే భాషలో మాట్లాడాకే ప్లటూను కదలాలని హోంశాఖ ఆదేశించాలి. మా పేటలోనైతే కన్నడ, తెలుగు, తమిళం మూడూ కావాలి.

ఇంకో మాట. ఛాతీ మీద కవచం తొడిగితే నేమ్‌ప్లేటు కనిపించదు, హెల్మెట్ పెడితే మొహమూ కనిపించదు. సుప్రీంకోర్టు 2006 తీర్పు పుణ్యమా అని పోలీసులపై ఫిర్యాదుల ప్రాధికారం వచ్చింది సరే, దెబ్బలు తిన్న మనిషి అక్కడికి వెళ్లి ఎవరి మీద రాసివ్వాలి? హెల్మెట్ వెనకా కవచం ముందూ పెద్ద అంకెలతో నంబరు వేయించాలి. దానికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు, హోంశాఖ ఒక సర్క్యులర్ ఇస్తే చాలు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
బొమ్మనహళ్లి, బెంగళూరు