అత్తగారి నాన్నగారి పెట్టె దొరికింది, అందరికీ కృతజ్ఞతలు

దొరికిందండీ! ఆయన ఏ రోజు ఏ విమానం నడిపారో రాసుకున్న లాగ్‌బుక్కుతో సహా అన్నీ ఉన్నాయి. రాత్రంతా నిద్ర లేదు, అయినా ఇప్పుడే రాయాలనిపించింది.

తెలియనివాళ్ళ కోసం: మా వారిది ఇంగ్లండ్. వాళ్ళ తాతగారు రెండో ప్రపంచ యుద్ధంలో ఎయిర్ ట్రాన్స్‌పోర్ట్ ఆగ్జిలరీ అనే పౌర సంస్థలో పైలట్. ఫ్యాక్టరీల నుంచి యుద్ధ విమానాల్ని స్థావరాలకు చేర్చడం వాళ్ళ పని. రేడియో కూడా లేకుండా, కింద రైలు పట్టాలూ నదులూ చూసుకుంటూ ఆ సంస్థవాళ్ళంతా కలిసి 3,09,000కు పైగా విమానాలు చేర్చారు. వాళ్ళలో 170 మందికి పైగా ప్రాణాలు పోగొట్టుకున్నారు. తాతగారు 1943లో ఐరిష్ సముద్రం మీద కనబడకుండా పోయారు. సమాధి లేదు, అలా సమాధి లేని వైమానికుల కోసం ఇంగ్లండ్‌లో కట్టిన రన్నిమీడ్ స్మారకం మీద పేరుంది. అప్పటికి చంటిపిల్ల అయిన మా అత్తగారికి మిగిలింది ఆ పెట్టే. బంగారు దారంతో కుట్టిన రెక్కల బ్యాడ్జి, ఏ విమానం ఎలా నడపాలో చెప్పే చిన్న పుస్తకం ఫెర్రీ పైలట్స్ నోట్స్, లాగ్‌బుక్కు.

ఇల్లు మారుతూ గోదాములో పెడితే, అద్దె బాకీ అని వేలం వేసేశారు. నోటీసులు పాత చిరునామాకు పంపారట! ఇంకో ఆఫీసులో రికార్డులు అడిగితే, ఆయన వైమానిక దళం మనిషి కాదు, మాకు సంబంధం లేదన్నారు. ప్రాణం పోయాక కూడా ఈ తేడాలేమిటండీ?

ఆ వేలంలో కొన్న పెద్దాయన పేరు రాయొద్దన్నారు. మంచి ధర పలుకుతుందని తెలిసీ, లాగ్‌బుక్కు చివరి పేజీ సగం ఖాళీగా ఉండటం చూసి అమ్మబుద్ధి కాలేదట. మా ఆచూకీ పట్టుకుని నిన్న వానలో తెచ్చిచ్చారు. అత్తగారికి చూపు ఆనదని గమనించి, "చదివి వినిపించమంటారా?" అని కూర్చున్నారు. తేదీ, విమానం, ఎక్కణ్ణుంచి ఎక్కడికి. స్పిట్‌ఫైర్, హరికేన్, ఆక్స్‌ఫర్డ్, మళ్ళీ స్పిట్‌ఫైర్. గొంతు బొంగురుపోయినా ఆపలేదు. అత్తగారు తను పుట్టిన తేదీ చెప్పి, ఆ రోజు ఏం నడిపారని అడిగారు. ఆయన వేలితో వెతికి, "ఆ రోజు ఎగరలేదమ్మా. ఆ వారమంతా ఎగరలేదు. మీ దగ్గరే ఉండి ఉంటారు" అన్నారు. నాన్న తనను ఎత్తుకున్నాడో లేదో అని ఎనభై ఏళ్ళుగా ఆవిడకు బెంగ. నేను వంటింట్లోకి పోయి ఏడ్చాను. ఆయన పెట్రోలు డబ్బులు కూడా తీసుకోలేదు, పులిహోర మాత్రం పట్టుకెళ్ళారు.

మా వారు, ఆడపడుచు బాగా తిరిగారు. స్లౌ, రెడింగ్ తెలుగువాళ్ళందరికీ దండాలు. అయ్యో, మ్యూజియం వలంటీరు గారు! ఎన్ని ఫోన్లు చేశారో. వేలం జాబితా ఫొటో పంపిన విజయవాడ అబ్బాయీ, నీ నంబరు పోయింది, ఒక మెసేజ్ పెట్టు బాబూ.