ఆ సంతకం 14 రోజులకే

సంపాదకుల వారికి నమస్కారం.

మానవ పిండాల మీద పరిశోధన గురించి గత ఆదివారం మీ అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. ల్యాబ్‌లో పిండాన్ని 14 రోజులకు మించి పెంచకూడదన్న గడువును 28 రోజులకు పెంచాలా వద్దా అన్న వాదన బాగానే నడిపారు. శాస్త్రవేత్తల మాట వేశారు, మతపెద్దల మాట వేశారు. ఆ పిండాలు ఇచ్చినవాళ్ల మాట మాత్రం ఎక్కడా లేదు. 22 ఏళ్లు టెస్ట్‌ట్యూబ్ బేబీ ల్యాబ్‌లో ఎంబ్రియాలజిస్టుగా పనిచేసి ఈమధ్యే రిటైరయ్యాను. వాళ్ల చేత సంతకాలు పెట్టించుకున్నదాన్ని కాబట్టి ఊరుకోలేక రాస్తున్నాను.

ముందు మీరు వేసిన బొమ్మ సంగతి. కాళ్లూ చేతులూ ముడుచుకుని, బొటనవేలు నోట్లో పెట్టుకున్న శిశువు. ఆ రూపం రావడానికి నెలలు పడుతుంది. మేం చూసేది వేరు. అండంలో శుక్రకణం చేరిన 16–18 గంటలకు మైక్రోస్కోప్ కింద పెడితే రెండు గుండ్రటి చుక్కలు పక్కపక్కనే కనిపిస్తాయి. ఒకటి తల్లిది, ఒకటి తండ్రిది. వాటిని లెక్కపెట్టుకున్నాకే పొద్దున్నే ఫోన్ చేసి “ఆరింట్లో నాలుగు అయ్యాయమ్మా” అని చెప్పేదాన్ని. మూడో రోజుకు ఎనిమిది కణాలు. అయిదో రోజుకు నీటిబుడగలా ఉబ్బుతుంది, బ్లాస్టోసిస్ట్ అంటాం. బుడగ గోడ తర్వాత మాయలో (తల్లి నుంచి బిడ్డకు ఆహారం అందించే ప్లాసెంటాలో) భాగమవుతుంది. లోపల ఒక పక్కకు అంటుకున్న చిన్న ముద్ద ఉంటుంది, బిడ్డ తయారవాల్సింది అందులోంచే. అంతా కలిపినా మిల్లీమీటరులో అయిదో వంతు ఉంటుందేమో. “కడుపులో నలుసు పడింది” అన్న మాట ఎవరు పుట్టించారో గానీ, మైక్రోస్కోప్ లేకుండానే కొలత సరిగ్గా చెప్పారు.

మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌లో దాచినదాన్ని తీసి కరిగిస్తే ముందు గాలి తీసేసినట్టు ముడుచుకుని కనిపిస్తుంది. పోయిందేమో అనుకుంటాం. గంటా రెండు గంటల్లో నీరు పీల్చుకుని మెల్లగా మళ్లీ గుండ్రంగా నిండుతుంది. ఎన్నిసార్లు చూసినా విసుగనిపించలేదు. అలాగని దాన్ని నేనెప్పుడూ “పాప” అనలేదు. “వట్టి కణాలే కదా” అనడానికీ నోరు రాలేదు.

చికిత్స ముగిశాక మిగిలిపోయిన పిండాల కోసం ఒక ఫారం ఉండేది. పారవేయడం, ఇంకో జంటకు ఇవ్వడం, పరిశోధనకు ఇవ్వడం. మూడింట్లో ఒక గడిలో టిక్కు పెట్టాలి. ఒకావిడకు ఇద్దరు పిల్లలు పుట్టాక మూడు మిగిలాయి. భర్త అప్పటికే సంతకం చేసేసి ఫోన్ చూసుకుంటున్నాడు. ఈవిడ పెన్ను పట్టుకుని చాలాసేపు ఆగింది.

“వాటికి నొప్పి తెలుస్తుందా మేడమ్?”

“తెలియదమ్మా. నొప్పి తెలియాలంటే నరాలుండాలి. ఇందులో ఒక్క నరం కూడా ఇంకా పుట్టలేదు.”

“పరిశోధన అంటే ఎన్నాళ్లు పెంచుతారు?”

“14 రోజులు దాటనివ్వరు.”

“అంతేగా,” అని మూడో గడిలో టిక్కు పెట్టింది.

ఆమెకు ఆ 14 ఎక్కడినుంచి వచ్చిందో నేను చెప్పలేదు, ఆమె అడగలేదు. 1978లో మొదటి టెస్ట్‌ట్యూబ్ బేబీ లూయిస్ బ్రౌన్ పుట్టాక బ్రిటన్ ప్రభుత్వం 1982లో ఒక కమిటీ వేసింది. దానికి పెద్ద మేరీ వార్నాక్, తత్వశాస్త్రవేత్త. 1984లో నివేదిక ఇచ్చారు, 1990లో అది చట్టమైంది. 14 ఎందుకంటే, దాదాపు 15వ రోజున, పళ్లెంలా పరుచుకున్న కణాల పొర మీద సన్నటి గీత ఒకటి పడుతుంది. తల ఎటో కాళ్లెటో, కుడేదో ఎడమేదో తేలేది ఆ గీతతోనే. అది పడనంత వరకు ఒక పిండం రెండుగా చీలి కవలలయ్యే వీలుంది. అంటే అప్పటిదాకా అది ఒకరా ఇద్దరా అన్నదే తేలలేదు. ఆ గీతకు ముందే ఆపేద్దాం అనుకున్నారు. కమిటీలోనే అందరూ ఒప్పుకోలేదు, పరిశోధనే వద్దని కొందరు విడిగా రాసిచ్చారు. కాబట్టి 14వ రోజున ప్రాణం వచ్చేస్తుందనీ, 13న ఉండదనీ ఎవరూ తేల్చలేదు. పడనివాళ్ల మధ్య కుదిరిన ఒప్పందం అది.

ఆ ఒప్పందం చాలాకాలం తేలిగ్గా నడిచింది, ఎందుకంటే అన్ని రోజులు పిండాన్ని డిష్‌లో బతికించడం ఎవరికీ చేతకాలేదు. 2016లో కేంబ్రిడ్జిలో ఒక బృందం, న్యూయార్క్‌లో ఒక బృందం 12–13 రోజులదాకా పెంచి, గడువు ఉందని ఆపేశాయి. ఆ గడువు గోడలా అడ్డమొచ్చింది అప్పుడే. 2021లో అంతర్జాతీయ మూలకణ (ఏ రకం కణంగానైనా మారగల కణం) పరిశోధన సంఘం తన నిషేధాల జాబితాలోంచి 14 రోజుల తర్వాతి పెంపకాన్ని తీసేసింది. ఎక్కడికక్కడ ప్రజలతో చర్చించి, ఒక్కో ప్రతిపాదనను విడిగా పరిశీలించి నిర్ణయించుకోమంది.

28 రోజులు అడిగేవాళ్లకు పిచ్చేమీ లేదు. నాడీనాళం (మెదడు, వెన్నుపాము తయారయ్యే గొట్టం) మూసుకునేది, గుండె కదలిక మొదలయ్యేది ఆ రెండు వారాల్లోనే. నాళం సరిగ్గా మూసుకోకపోతే బిడ్డ వెన్నులోపంతో పుడుతుంది. గర్భం రాకముందు నుంచే ఫోలిక్ యాసిడ్ వేసుకోమని డాక్టర్లు పోరేది అందుకే. నెల తప్పిందని తెలిసేసరికి ఆ పని సగం జరిగిపోయి ఉంటుంది. ఆ రోజుల్లో లోపల ఏం జరుగుతుందో చూపించే పిండాలు శాస్త్రానికి దొరికినవి బహు కొద్ది. నన్నడిగితే, చట్టసభలో బహిరంగంగా వాదించుకుని పెంచితే నేను అడ్డుచెప్పను. కానీ ఆ చట్టం రేపటి పిండాలకు. ట్యాంకులో ఇప్పటికే ఉన్నవాటికి నేను “14 రోజులు దాటనివ్వరు” అని మాటిచ్చాను. గడువు మారిందని ఆ సంతకం దానంతటది సాగదు.

మీ వ్యాసంలో మురిపెంగా రాసిన పిండం నమూనాలకూ ఇదే చిక్కు. అండం, శుక్రకణం లేకుండా మూలకణాల నుంచి 14వ రోజు పిండాన్ని పోలిన నమూనాను 2023లో ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థ బృందం చూపించింది. వాటిని గర్భంలో పెట్టడాన్ని ఆ అంతర్జాతీయ సంఘం ఒప్పుకోదు, అది మంచిదే. కానీ ఆ మూలకణాలు మాత్రం ఎక్కడివి? కొన్ని 1998 నుంచి జంటలు దానమిచ్చిన పిండాలలోంచి తీసినవి, కొన్ని ఎవరి చర్మం నుంచో రక్తం నుంచో తయారుచేసినవి. చర్మం ముక్క ఇచ్చిన మనిషి తన కణాలు పిండం ఆకారం దాలుస్తాయని కలగన్నాడా? “ఇది నమూనాయే, పిండం కాదు” అని శాస్త్రవేత్తలు సర్దిచెబితే సరిపోదు. ఇచ్చినవాళ్లకు ఆ తేడా ముఖ్యమో కాదో వాళ్లనే అడగాలి.

సమ్మతి పత్రంతో ఆడుకుంటే ఏమవుతుందో చూశాం. 2018లో చైనాలో హె జియాన్‌కుయ్ అనే శాస్త్రవేత్త పిండాల జన్యువులు మార్చి కవల ఆడపిల్లలను పుట్టించాడు. తల్లిదండ్రులకిచ్చిన పత్రంలో ఆ పనిని ఎయిడ్స్ టీకా ప్రాజెక్టుగా రాశారు. మరుసటేడు అతనికి మూడేళ్ల జైలు పడింది. ఆ పిల్లల్ని తల్చుకుంటే నాకు జన్యువుల కంటే ముందు ఆ కాగితమే గుర్తొస్తుంది.

ఒక పాఠకుడు మొన్న మీ ఉత్తరాల శీర్షికలో, ప్రకృతిలో ఎన్నో పిండాలు వాటంతటవే పోతాయి గదా, ఇంత చర్చెందుకు అన్నారు. పోతాయి, నిజమే. నా డిష్‌లోనే ఎన్నో మూడో రోజున ఆగిపోయేవి. వరదలో మనుషులు కొట్టుకుపోతారని మనం ఎవరినీ అందులోకి నెట్టం గదా. ఇది ఆయన మీద కోపం కాదు, వాదన బలంగా లేదని చెప్పడం.

నేనడిగేది చిన్నదే. ఫారం మీద రోజుల లెక్క అంకెల్లో వేయండి. పిండం నమూనాలు తయారుచేయొచ్చా అన్నదానికి విడిగా ఒక గడి పెట్టండి. గడువు మారితే మళ్లీ అడగండి. ఆ మూడు పిండాలావిడ ఫోన్ నంబరు ఇప్పటికి మారిపోయి ఉంటుంది, వెతకడం కష్టమే అంటారు. దొరకకపోతే ఆమెవి 14వ రోజునే ఆపండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఎంబ్రియాలజిస్టు