మూడేళ్లేనా తాతయ్యా?

సంపాదకులకు నమస్కారం.

మొన్న ఆదివారం మనవడితో ఓ క్రైమ్ థ్రిల్లర్‌కి వెళ్లాను. హత్య చేసిన పదిహేడేళ్ల కుర్రాడు, ‘నేను మైనర్‌ని, మూడేళ్లలో బయటికొచ్చేస్తా’ అని ఎస్సై ముందే నవ్వుతాడు. హాలంతా ఈలలు. హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరైనవాణ్ణి, నాకు ఒళ్లు మండింది.

నిర్భయ కేసు తర్వాత చట్టం మారింది. 2016 జనవరి 15 నుంచి అమల్లో ఉన్న జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం, పదహారు నిండినవాడు హత్య చేస్తే, చేసిందేమిటో వాడికి తెలుసా లేదా అని మైనర్ల కేసులు చూసే జువెనైల్ జస్టిస్ బోర్డు చూస్తుంది. పెద్దవాళ్లలాగే విచారించాలనిపిస్తే పిల్లల కోర్టుకు పంపుతుంది. ఉరి మాత్రం ఉండదు. 21 నిండాక జైలుకూ పంపొచ్చు.

ఇంకోటి. ఆ ఎస్సై నెత్తుటి కత్తిని ఒట్టి చేత్తో తీసి జేబురుమాల్లో చుట్టాడు! మేమైతే అట్టపెట్టెలో కదలకుండా దారంతో కట్టి, సీలేసి, చీటీ మీద మధ్యవర్తుల (పంచనామా సాక్షుల) సంతకాలు పెట్టించేవాళ్లం. కుర్రాడు తప్పించుకున్నది తెలివితో కాదు, ఎస్సైగారి పుణ్యాన.

దారిలో మనవడు అడిగాడు: ‘నిజంగా మూడేళ్లేనా తాతయ్యా?’ వాడికి పదిహేనేళ్లు.

– ఒక రిటైర్డ్ హెడ్ కానిస్టేబుల్, తెనాలి